ముడి లేని కుట్టు

బ్రైనా కుట్టిన బట్టలు లోజ్ పట్టణంలో మా యూదుల బాలుట్ పేటలో ఎంతోమంది తొడుక్కున్నారు గానీ, బాగుందనో బిగుతయిందనో ఆవిడతో ఒక్క మాట అన్న పాపాన ఎవరూ పోలేదు. అనడానికి వాళ్ళు బతికి ఉంటే కదా! ఆవిడ కుట్టేది చనిపోయినవాళ్ళకి వేసే ఆఖరి బట్టలు.

"నా బేరాలన్నీ నిమ్మళమైన మనుషులతోనే. కొలతలు తీస్తుంటే కదలరు, పొట్ట బిగబట్టరు, పండక్కి ముందే కావాలని ప్రాణం తియ్యరు," అని నవ్వేది బ్రైనా.

ఉన్నవాడికైనా లేనివాడికైనా ఒకటే తెల్ల నారబట్ట, ఒకటే కుట్టు. జేబులు పెట్టరు, పట్టుకుపోయేదేమీ లేదు గనక. ముడి అసలే వెయ్యరు. దారం చివర వదిలేసి పొడుగాటి టాకాలు వేసుకుంటూ పోవడమే. నడుము నాడా కూడా మెలితిప్పి దోపుతారు తప్ప ముడి వెయ్యరు. పోయే మనిషిని ముడిపెట్టి ఆపకూడదని పెద్దలు చెప్పేవారు. బ్రైనాకి ఈ పని నేర్పింది వాళ్ళ అత్తగారు. కొత్తకోడలు పొరపాటున ముడి వేసినప్పుడల్లా చెక్కబద్దతో వేళ్ళమీద ఒక్కటిచ్చేది. ఆ దెబ్బలకి బ్రైనా వేళ్ళు ముడి వెయ్యడమే మరిచిపోయాయి.

తన ఆఖరి బట్టలు కూడా బ్రైనా ఎప్పుడో కుట్టి పెట్టుకుంది. గుర్రబ్బండి తోలే భర్త పోయిన మరుసటేడు, మంచి నారబట్ట కొని, తీరుబడిగా, ప్రేమగా కుట్టుకుంది. దాన్ని పెట్టెలో అడుగున దాచి, ఏటా వేసవి చివర వచ్చే మా కొత్త సంవత్సరం పండగ ముందు తీసి పెరట్లో తీగమీద ఆరేసేది. ఎదుటి వాటాలో ఉండే దర్జీ జైన్‌వెల్ కిటికీలోంచి తల బయటపెట్టేవాడు.

"ఏం బ్రైనా పిన్నీ, ప్రయాణం ఎప్పుడు?"

"ముందు నిన్ను సాగనంపి, తీరిగ్గా బయల్దేరతానురా అబ్బాయ్!"

ఏటా అదే ప్రశ్న, అదే జవాబు. పెరడంతా ఏటా కొత్తగా విన్నట్టే నవ్వేది.

ఆవిడకి ఒక్కడే కొడుకు, లీపా. నేతమిల్లులో పనిచేసేవాడు. కోడలు ద్వోరాకి నోరు కాస్త ఎక్కువ, బ్రైనాకి మాత్రం తక్కువా? అత్తాకోడళ్ళు పొద్దున్న పోట్లాడుకుని, సాయంత్రం ఒకే గిన్నెలో బీట్‌రూట్ పులుసు తాగేవారు. వాళ్ళిద్దరూ గొంతు తగ్గించేది పెర్లా ముందు మాత్రమే. పెర్లా మనవరాలు. వయసుకి తగ్గ ఎత్తు లేదు, కళ్ళు మాత్రం మొహమంతా ఉండేవి.

పెర్లా గౌను ఎక్కడ చిరిగినా విప్పడానికి ఒప్పుకునేది కాదు. ఒంటిమీద ఉండగానే కుట్టాలి. అప్పుడు బ్రైనా ఒక దారం ముక్క తెంపి దాని నోట్లో పెట్టేది. "నములు. నేను కుట్టినంతసేపూ నములుతూనే ఉండాలి. మాట్లాడావంటే చూడు." ఒంటిమీద బట్ట కుట్టించుకునేది శవాలే అని మావాళ్ళ నమ్మకం. చావుదూత అటుగా పోతూ చూసి పొరబడకూడదు. చచ్చినవాళ్ళు నమలరు కాబట్టి, నోరు ఆడుతున్న మనిషిని చూసి తన దారిన తాను పోతాడు.

యుద్ధం వచ్చింది. జర్మన్లు వచ్చారు. బాలుట్ చుట్టూ ముళ్ళకంచె వేసి లోజ్ పట్టణంలోని యూదులందరినీ అందులోకి తోసి తాళం వేశారు. బ్రైనా వాళ్ళు కదలాల్సిన అవసరం రాలేదు, ఉన్న ఇల్లే జైలయింది. మిగతావి కొత్తగా వచ్చినవాళ్ళకి పోగా ఒకే గది మిగిలింది. మొదటి చలికాలంలో లీపా దగ్గుతూ దగ్గుతూ పోయాడు. కన్నతల్లి కుట్టకూడదు, మాకివ్వమన్నారు శవసంస్కారాలు చూసే సంఘం ఆడవాళ్ళు. బ్రైనా వినలేదు.

"వాడి మొదటి చొక్కా నేనే కుట్టాను. ఇదీ నేనే కుడతాను. పక్కకి జరగండి, వెలుతురు రావట్లేదు."

కళ్ళు తుడుచుకోకుండా కుట్టింది. ఆ కుట్టులో ఒక్క టాకా వంకర పోలేదట. ద్వోరా ఆ మాట చాలాకాలం తర్వాత కూడా చెప్పుకునేది, మెచ్చుకోలుగానో నిష్ఠూరంగానో నాకు తెలియదు.

కంచె లోపల పని చేసినవాళ్ళకే చారునీళ్ళు. జైన్‌వెల్‌ని జర్మన్ సైన్యానికి కోట్లు కుట్టే కార్ఖానాలో మేస్త్రీని చేశారు. పాత పొరుగువాడు కదా, అత్తనీ కోడలినీ ఇద్దరినీ బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. బ్రైనాకి గుండీలు అప్పజెప్పాడు. సూది పట్టిన చెయ్యి, గుండీలదేముంది అనుకున్నాడు పాపం.

తయారైన కోట్లని ఒకరోజు జైన్‌వెల్ పైవాళ్ళకి పంపేముందు దులిపి చూశాడు. గుండీలు టపటపా నేలమీద రాలాయి. ఇంకోటి దులిపాడు. అదీ అంతే. ఏ గుండీ వెనకా ముడి లేదు.

జైన్‌వెల్ మొహంలో నెత్తురుచుక్క లేదు. గబగబా వచ్చి గొంతు తగ్గించి అన్నాడు.

"పిన్నీ, ఈ కోటు తొడుక్కునేవాడు ఇంకా బతికే ఉన్నాడమ్మా!"

"ఉంటే అది నా తప్పా?" అంది బ్రైనా.

బల్ల చుట్టూ ఉన్న ఆడవాళ్ళు గుడ్డలు నోట్లో కుక్కుకుని నవ్వారు. చాన్నాళ్ళకి నవ్విన నవ్వు. జైన్‌వెల్ మాత్రం నేలమీది గుండీలు ఏరుతున్నాడు. కావాలని పాడుచేశారని పైవాళ్ళు అంటే బల్ల బల్లంతా ఉరికంబం ఎక్కేది. చీకటి పడేదాకా అందరూ కలిసి ఆ గుండీలన్నీ మళ్ళీ కుట్టారు. మర్నాడు బ్రైనాని రావద్దన్నాడు. అనేటప్పుడు ఆవిడ కళ్ళలోకి చూడలేకపోయాడు. బ్రైనా ఇంటికొచ్చి తన వేళ్ళకేసి అసహ్యంగా చూసుకుంది. ద్వోరా పని నిలబడింది, అదే పదివేలు.

మళ్ళీ తన పాత పనిలోకే వెళ్ళింది. ఆ పనికి కంచె లోపల కరువు లేదు. కరువల్లా బట్టకే. దుప్పట్లు చింపి కుట్టింది, పరదాలు చింపి కుట్టింది, ఆఖరికి పిండి సంచులు కూడా. పెట్టె అడుగున ఉన్న ఆ మంచి నారబట్ట సంగతి అందరికీ తెలుసు. ఎవరైనా అటువైపు చూస్తే బ్రైనాకి ఒళ్ళు మండేది. ఆవిడకి ఈ లోకంలో మిగిలిన ఆస్తి అదొక్కటే.

ద్వోరా కూడా ఒకసారి నోరు జారింది. "అత్తయ్యా, ఆ బట్ట ఇస్తే బంగాళాదుంపలు వస్తాయి. పిల్ల ఎలా పీక్కుపోయిందో చూస్తున్నావుగా."

"నేను పోయాక నన్ను గోనెలో చుడతావా? చుట్టు! నాలుగు పేటల్ని సాగనంపినదాన్ని, నాకు ఒక జత బట్టలుండకూడదా?"

ద్వోరా మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. తన బట్టలే ఒక్కొక్కటీ ఇచ్చేసి, కట్టుకున్నదాంతో మిగిలింది. పెర్లా ఆకలేసినప్పుడు దారం ముక్కలు నమలడం అలవాటు చేసుకుంది. బ్రైనా చూసీ చూడనట్టు ఊరుకునేది, పెట్టడానికి ఏమీ లేనప్పుడు వద్దని ఎలా అంటుంది?

అలా మూడో ఏడు వచ్చింది. వేసవి వెళ్ళినా ఎండ వెళ్ళని రోజులు, కొత్త సంవత్సరం పండగ దగ్గరపడుతోంది. ఆ మధ్యాహ్నం చౌకులో జనాన్ని పోగుచేసి ఏదో చెప్పారని ద్వోరా పరిగెత్తి వెళ్ళింది. తిరిగొచ్చి గుమ్మంలోనే కూలబడింది.

"పిల్లల్ని ఇమ్మంటున్నారు అత్తయ్యా."

"ఎవరి పిల్లల్ని?"

"అందరి పిల్లల్నీ. పదేళ్ళ లోపు వాళ్ళని. జబ్బుగా ఉన్నవాళ్ళని. అరవై అయిదు దాటిన ముసలివాళ్ళని."

మనుషుల్ని ఇమ్మనడం! పాత ఇనుము అడిగినట్టు, బొంతలు అడిగినట్టు. ఎక్కడికి తీసుకుపోతారో ఎవరూ చెప్పలేదు. అంతకుముందు పోయినవాళ్ళ దగ్గర్నించి ఒక్క కబురూ రాలేదు. పెర్లాకి తొమ్మిది. బ్రైనాకి అరవై అయిదు ఎప్పుడో దాటాయి, కానీ ఆ మాట ఆవిడ చెవికి ఎక్కనే లేదు. పిల్లని ఒళ్ళోకి లాక్కుని అలాగే కూర్చుంది.

ఇళ్ళలోంచి ఎవరూ బయటికి రాకూడదన్నారు. లారీలు వీధి తర్వాత వీధి తిరుగుతున్నాయి. దూరంగా అరుపులు వినిపించేవి, కాసేపటికి ఆగిపోయేవి, మళ్ళీ ఇంకొంచెం దగ్గరగా వినిపించేవి. జైన్‌వెల్ మెట్లమీదుగా వచ్చి తలుపు మూశాడు. చంకలో రెండు చెక్కముక్కలున్నాయి.

"పిల్లని దాచొద్దు. అటకలూ నేలమాళిగలూ అన్నీ వెతుకుతున్నారు. దొరికితే అక్కడికక్కడే కాలుస్తున్నారు. పెద్దపిల్లలా నిలబెట్టండి. పన్నెండేళ్ళని చెబుదాం. నా కార్ఖానాలో దారాలు కత్తిరిస్తుందని నేనంటాను."

"దీన్ని చూస్తే పన్నెండేళ్ళని గుడ్డివాడు కూడా అనుకోడు," అంది ద్వోరా.

"ఈ చెక్కలు బూట్ల కింద కట్టండి. ఇంత ఎత్తు వస్తుంది. పొడుగు గౌను ఒకటి తొడిగితే చెక్కలు కనబడవు. చెక్కలు కనబడ్డాయంటే మాత్రం అంతా అయిపోయినట్టే."

పొడుగు గౌను. ద్వోరా అలమర తెరిచింది. తెలిసే తెరిచింది, అందులో ఏమీ లేదని. ఖాళీ అరలకేసి చూస్తూ నిలబడిపోయింది. ఆవిడ వెనక పెట్టె మూత కిర్రుమంది.

బ్రైనా తన ఆఖరి బట్టలు తీసి బల్లమీద పరిచింది. కళ్ళు చెదిరే తెలుపు. ఒకసారి అరచేత్తో నిమిరింది.

"అత్తయ్యా, వద్దు..."

"నోరు మూసుకుని కత్తెర ఇలా ఇయ్యి."

కత్తెర మొదటిసారి కరుక్కుమన్నప్పుడు మాత్రం కళ్ళు మూసుకుంది. తర్వాత ఆగలేదు. కాల్చిన గింజల కాఫీ మడ్డి మిగిలిందంతా మరిగించి బట్టా దారమూ ముంచారు. తెలుపు పోయి ముదురు మట్టిరంగు వచ్చింది. పొయ్యి పక్కన ఆరబెట్టి కుట్టు మొదలుపెట్టింది బ్రైనా.

"పెర్లా, ఇటు రా. నీకొక పని. నేను దారం ఎక్కించినప్పుడల్లా ముడి అని అరవాలి. ఈ చేతులకి బుద్ధి లేదు. మరిచిపోతాయి."

పెర్లాకి ఆట దొరికింది. పక్కన కూర్చుని, "నానమ్మా, ముడి!" అని అరిచేది. బ్రైనా "వేశానే తల్లీ, వేశాను" అనేది. వేళ్ళు మొరాయించేవి. బలవంతంగా దారం చుట్టి ముడి బిగించేది. భుజాల్లో గుడ్డపీలికలు కుక్కి ఎత్తు చేసింది. నడుము దించింది. చేతులు మణికట్టు దాటేలా పెట్టింది. ఇక కింది అంచు మిగిలింది. చెయ్యి వెడల్పున లోపలికి మడిచింది.

"అంత మడతెందుకు అత్తయ్యా? పొడుగ్గా ఉండాలి కదా."

"మడిచినా పాదాల దాకా ఉంది, చూడు. పెరిగే పిల్ల. వచ్చే ఏడు విప్పి దించుకోవచ్చు."

వచ్చే ఏడు! ద్వోరా గోడవైపు తిరిగి నిలబడింది.

వెనక అంచు పూర్తయి ముందువైపు మొదలుపెట్టేలోగా కింద పెరట్లో లారీ ఆగింది. ఈల ఊదారు. తుపాకి ఒకసారి పేలింది. అందరూ కిందికి, అందరూ కిందికి అని అరుపులు.

"తొడిగెయ్యి!" అంది బ్రైనా. "ఒంటిమీదే కుడతాను."

పెర్లాని కుర్చీ ఎక్కించి, గౌను తొడిగి, అలవాటుగా ఒక దారం ముక్క తెంపి నోట్లో పెట్టింది. "నములు. మాట్లాడకు." తను మోకాళ్ళమీద కూర్చుని సూది ఆడించింది. పొడుగాటి టాకాలు, ఒకటి తర్వాత ఒకటి. మెట్లమీద బూట్ల చప్పుడు. వేళ్ళ కింద ఆ మంచి నారబట్ట, కాపురానికొచ్చినప్పట్నించీ తెలిసిన నారబట్ట. వేళ్ళు వాటి దారిన అవి పోయాయి. పెర్లా చూస్తూనే ఉంది. దాని కళ్ళు ఇంకా పెద్దవయ్యాయి. కానీ నోట్లో దారం ఉంది, మాట్లాడకూడదు. నానమ్మ చెప్పింది కదా. నములుతూ ఊరుకుంది.

సూది తీసి కాలర్‌కి గుచ్చుకుని, దారం తోక కత్తిరించే తీరిక లేక, కోడలు పిల్లకి బూట్లు తొడిగి చెక్కలు కడుతుంటే దాని బుగ్గలు గట్టిగా గిల్లి ఎర్రగా చేసింది. నలుగురితోపాటు దిగారు.

పెరట్లో వరసగా నిలబెట్టారు. చేతిలో సన్నటి కర్ర పట్టుకున్న జర్మన్ అధికారి ఒకడు ముందు నడుస్తున్నాడు. బ్రైనా దగ్గర ఆగను కూడా ఆగలేదు. కర్ర ఇలా ఊపాడు. ఇద్దరు వచ్చి రెక్కలు పట్టుకుని లారీ మీదికి తోశారు. ఆవిడ ఏడవలేదు. తన సంగతి ముందే తెలిసినట్టే ఉంది. లారీ అంచు పట్టుకుని వెనక్కి తిరిగి చూసింది.

చూపు పెర్లా కాళ్ళమీద పడింది. చెక్కలు కనబడుతున్నాయి.

కొత్త చెక్క, తెల్లగా, గౌను అంచు కింద మెరుస్తోంది. కొలత తీసింది బూట్లు తొడగకముందు. జీవితమంతా కొలిచింది పడుకున్న మనుషుల్ని, వట్టికాళ్ళ మనుషుల్ని. లేచి నిలబడి, బూట్లు తొడుక్కుని నడిచే మనిషికి అంచు పైకి పోతుందన్న ఆలోచనే రాలేదు. ఇంతింత మడత లోపల పెట్టి కుట్టింది, పెరిగే పిల్ల అనుకుంటూ! ద్వోరా కూడా చూసినట్టుంది. కిందికి చూడకూడదని మెడ నిటారుగా పెట్టుకుంది, కానీ మొహం సున్నంలా ఉంది. అధికారి ఇంకా కాస్త అవతల ఉన్నాడు. వరసలో ఒక చిన్నపిల్లని తల్లి చేతుల్లోంచి లాగుతున్నారు. బ్రైనాకి అరవాలనిపించింది. అరిస్తే అందరూ అటే చూస్తారు. పెదవి పంటికింద నొక్కిపెట్టింది.

కర్ర పెర్లా వైపు తిరిగింది. ముందుకు రమ్మన్నాడు.

పెర్లా ఒక అడుగు వేసింది. గౌను ముందు వేలాడుతున్న దారం తోక రెండో కాలి చెక్క కింద పడింది. ఇంకో అడుగు వేసింది. దారం లాగింది. ఆపడానికి ముడి లేదు. టాకా తర్వాత టాకా, చప్పుడు లేకుండా, ఆ చివర నుంచి ఈ చివర దాకా జారిపోయింది. చెయ్యి వెడల్పు మడత విడిపోయి కిందికి దిగింది. చెక్కల్ని కప్పేసి నేలని తాకింది.

మళ్ళీ మరిచాను, అనుకుంది బ్రైనా. ముందు వచ్చింది సిగ్గే. అత్తగారి చెక్కబద్ద, రాలిన గుండీలు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఆ తర్వాతే, తను చూస్తున్నదేమిటో అర్థమైంది. చేతులు లారీ అంచుని ఇంకా గట్టిగా పట్టుకున్నాయి.

"వయసు?" అన్నాడు అధికారి.

"పన్నెండు," అంది ద్వోరా.

"నా కార్ఖానాలో పని, అయ్యా. దారాలు కత్తిరిస్తుంది," అన్నాడు జైన్‌వెల్ టోపీ తీసి.

వాడు పిల్లని తల నుంచి కింది దాకా చూశాడు. కింద పొడుగు గౌను తప్ప ఏమీ లేదు. పెర్లా వాడి మొహంలోకి చూస్తూ నములుతూనే ఉంది. కర్ర పక్కకి ఊగింది. ఇటు, ఉండేవాళ్ళ వైపు.

ద్వోరా పిల్ల వెనకే ఆనుకుని, భుజం పట్టుకుని అటు నడిపించింది, వెనక్కి తిరగకుండా. తిరిగితే ఏమవుతుందో ఆవిడకి తెలుసు. పెర్లా మాత్రం తల తిప్పి లారీకేసి చూసింది. నానమ్మ చేత్తో విసుక్కున్నట్టు పొమ్మని సైగ చేసింది, ఇంట్లో పని అడ్డం వచ్చినప్పుడు చేసినట్టే.

లారీలో పక్కన ఒక ముసలావిడ పాత శాలువలో చుట్టిన మూట ఏదో గట్టిగా పట్టుకుని ఉంది. తన ఆఖరి బట్టలేమో. బ్రైనా ఖాళీ చేతులు చూసి, "నువ్వేమీ తెచ్చుకోలేదా? నీవి నువ్వే కుట్టుకున్నావుగా? ఏటా తీగమీద చూసేవాళ్ళం," అంది.

"అవిగో," అని పెరటివైపు చూపించింది బ్రైనా. "నడుస్తున్నాయి చూడు."

ముసలావిడ అటు చూసి, దీనికి మతి పోయిందనుకుని, తన మూట ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. లారీ కదిలింది. మలుపు తిరిగేదాకా ఆ మట్టిరంగు గౌను కనబడింది. ముందు అంచు వేలాడుతోంది. ద్వోరా మళ్ళీ కుట్టుకుంటుంది, ముడి వేసి గట్టిగా కుట్టుకుంటుంది అనుకుంది బ్రైనా. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది.

కళ్ళు తుడుచుకోబోతే చేతిమీద మట్టిరంగు దారం ముక్క ఒకటి అంటుకుని కనిపించింది. బ్రైనా దాన్ని వేళ్ళతో తీసి, కాసేపు చూసి, నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టింది.